జీవకళ లేని తాబేలు

చందనవాడ రాజు ఇంద్రసేనుడికి బొమ్మల పిచ్చి. అది మామూలు పిచ్చి కాదు. శాలలో నిజం గుర్రాలు గడ్డి కోసం సకిలిస్తుంటే, ఆయన మేడమీద కొయ్య గుర్రాలకు దుమ్ము దులుపుతూ కూర్చునేవాడు. ఏనుగులు, పులులు, కోతులు, ఎలుకలు... అంతఃపురంలో రాణిగారికి కాలు పెట్టే చోటు లేదు.

ఒకరోజు ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది.

"నా దగ్గరున్న ప్రతి బొమ్మా ఎవరి చేతిలో తయారైందో తేలాలి! చేసినవాడి పేరు తెలియని బొమ్మ నా మేడలో ఉండకూడదు!"

రాజ్యానికి అంతకంటే ముఖ్యమైన పని ఏముంటుంది!

ఆ పనికి చిదానందరాయుడు కుదిరాడు. "బొమ్మల సర్వజ్ఞ" అని ఆయనకో బిరుదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఆయనే కాబట్టి పేచీ రాలేదు. రాయుడుగారు బొమ్మను ముట్టుకోడు. "తడిమి చూడడం సంతలో బేరగాళ్ల పని" అంటాడు. దూరంగా నిలబడి, పిడికిలి గొట్టంలా చుట్టి, ఒంటికన్ను దానికి ఆనించి, పేరు చెప్పేస్తాడు. ఎక్కువగా చనిపోయినవాళ్ల పేర్లే చెప్పేవాడు. వాళ్లు లేచి వచ్చి కాదనరు కదా, అదొక సౌకర్యం.

ఇలా ఉండగా బొమ్మలు చేసే అక్కమ్మ ఒక కొయ్య ఏనుగును సభకు తెచ్చింది. అది తన తండ్రి వీరన్న చేసిన ఆఖరి బొమ్మ అంది. వీరన్న పేరు వినగానే రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

రాయుడు పిడికిలి చుట్టాడు. చూశాడు. పెదవి విరిచాడు.

"దొంగ బొమ్మ! వీరన్న ఏనుగులన్నిటికీ తొండం కుడివైపే తిరిగి ఉంటుంది. దీనికి ఎడమవైపు తిరిగింది."

"అయ్యో, అదేం లెక్క బాబూ!" అంది అక్కమ్మ. "కొయ్య ఎటు వంగి ఉంటే మా నాయన తొండం అటే తిప్పేవాడు. ఈ ఏనుగు రంగు ఆరకముందే నేను వేలు పెట్టి తన్నులు కూడా తిన్నాను."

"విన్నారా ప్రభూ? పాండిత్యానికి తన్నులు సాక్ష్యమట!"

సభ నవ్వింది. రాజుకు మాత్రం నవ్వు రాలేదు. తనకే దొంగ బొమ్మ అంటగడతారా? "అక్కమ్మ దుకాణం మూయించండి! సాయంత్రానికల్లా ఊరు దాటించండి!" అని ఆజ్ఞ వేశాడు. అక్కమ్మ ఏనుగును కొంగులో చుట్టుకుని నిలబడిపోయింది. ఆ దుకాణం తప్ప ఆమెకు మరో బతుకు లేదు.

అప్పుడు రాజుగారికి తాంబూలం అందించే కోనప్ప ముందుకొచ్చాడు.

"ప్రభూ, నా దగ్గరా ఒక బొమ్మ ఉంది. చేసిందెవరో చెప్పగలవాళ్లు రాయుడుగారు తప్ప ఈ లోకంలో లేరు. సెలవిస్తే తెస్తాను. ఈమెను అనుమానించినట్టే నన్నూ అనుమానించవచ్చు. దొంగ బొమ్మ అని తేలితే అక్కమ్మ మూటలు మోసుకుంటూ నేనూ ఊరు దాటుతాను."

పొగడ్త వినగానే రాయుడి మీసం దానంతటదే పైకి లేచింది. "తీసుకురా!" అన్నాడు.

కోనప్ప వెండి పళ్లెంలో ఎర్ర పట్టుగుడ్డ పరిచి, దాని మీద ఒక చిన్న తాబేలును పెట్టి తెచ్చాడు. నల్లని డిప్ప, దాని మీద పసుపుపచ్చని నక్షత్రాలు. అబ్బ, ఏం రంగులు! సభంతా గోలగోలగా మెడలు చాచింది.

"దగ్గరికి వచ్చి చూడండి రాయుడుగారూ."

"అవసరం లేదు."

"ఒక్కసారి ముట్టుకోండి, పుణ్యముంటుంది."

"నేను బేరగాణ్ణి అనుకున్నావా?" రాయుడు పిడికిలి చుట్టాడు. "హుఁ! ఇదీ అక్కమ్మ పనే. తల లేదు, కాళ్లు లేవు, వట్టి బద్ధకం! డిప్ప మీద నక్షత్రాలట! ఇలాంటి తాబేలును భూమ్మీద ఎవరైనా చూశారా? ఆ రంగులు నిన్ననో మొన్ననో పూసినవి. అన్నిటికీ మించి ప్రభూ, ఇందులో జీవకళ లేదు!"

"ఆహా!" అంది సభ. ఏ ముక్కకు ఆహా అందో సభకే తెలియదు.

"ఏమంటావు కోనప్పా?" అన్నాడు రాజు.

"ఏమంటాను ప్రభూ! ఇంత పాండిత్యం ఒక్కసారిగా లోపలికి దిగడం కష్టం. కాసేపు ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఉంటే అరిగించుకుంటాను."

రాజు చెయ్యెత్తాడు. సభ గప్‌చుప్ అయింది. కోనప్ప తన తాంబూలం పెట్టెలోంచి లేత తమలపాకు ఒకటి తీసి పళ్లెంలో పెట్టి వెనక్కి జరిగాడు.

కాసేపు ఏమీ లేదు. తరవాత డిప్ప కిందినుంచి ఒక ముక్కు. ముక్కు వెనకాల ముడతల మెడ. ఆపైన ఒక్కొక్కటే కాళ్లు. తాబేలు నింపాదిగా నడిచివెళ్లి తమలపాకును కసుక్కున కొరికింది.

రాయుడి పిడికిలి కంటి దగ్గరే బిగుసుకుపోయింది.

"అయ్యా, జీవకళ లేదన్నారని దానికి రోషం వచ్చినట్టుంది" అన్నాడు కోనప్ప. తరవాత రాజువైపు తిరిగి చేతులు జోడించాడు.

"ప్రభూ, దీన్ని చేసింది బ్రహ్మదేవుడు. ఆయన దుకాణం కూడా మూయించమంటారా?"

రాజు ముందు ఎర్రబడ్డాడు. తరవాత బుగ్గలు ఉబ్బాయి. ఆ తరవాత ఆపుకోలేక, కిరీటం ఒక చేత్తో పట్టుకుని పగలబడి నవ్వాడు. సభ ఈసారి ఎందుకు నవ్వుతోందో తెలిసే నవ్వింది.

"అక్కమ్మా, ఆజ్ఞ రద్దు! దుకాణం నీదే. ఆ ఏనుగు మాత్రం నాకియ్యి తల్లీ, తొండం ఎటు తిరిగితే నాకేం!" అంటూ రాజు తన ఉంగరం తీసి కోనప్ప వేలికి తొడిగాడు.

రాయుడు మెల్లిగా పిడికిలి విప్పి గొంతు సవరించుకున్నాడు.

"ఎంతైనా ప్రభూ... రంగులు కొత్తవే అన్నాను చూశారా? తాబేలు చిన్నదే కదా!"