పెద్దలు కట్టెక్కే రోజు

ఊఁ కొట్టేవాళ్లు ముందుకి రండి. కునికేవాళ్లు గోడవారకి జరగండి. కథ మధ్యలో "తర్వాతేమైంది, తర్వాతేమైంది" అని ప్రాణం తీస్తే మాత్రం లేచిపోతాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక పట్నం. ఎప్పటి మాటంటారా? మీ ముత్తాతకి పాలపళ్లు కూడా రాని రోజులు. ఆ పట్నానికి ఒక మెరక, ఒక పల్లం. మెరక మీద మూడు బజార్లు, మేడలు. పల్లంలో ఒక్కటే వీధి, అన్నీ పూరిళ్లు. ఆ ఇళ్ల వెనకాల ఏరు. ఏటికీ ఇళ్లకీ మధ్య ఒక మట్టికట్ట. అంతే అడ్డం.

ఆ వీధిలో అసిరి అని ఒక చాకలామె ఉండేది. మెరక మీది మైలబట్టలు మూటకట్టుకొచ్చి, కట్ట కింద ఊటగుంటలో ఉతికేది. మొగుడు ఏనాడో పోయాడు. ఉన్నదల్లా ఒక్కగానొక్క కూతురు గవరమ్మ.

ఇప్పుడా పట్నం వింత వినండి. ఊరి సుంకం ఏడాదికి ఒక్క పనికే సరిపోయేది. రోడ్డేస్తే బావి లేదు, బావి తవ్వితే రోడ్డు లేదు. మరి ఏ పని ముందు? దానికో పద్ధతి పెట్టుకున్నారు. పంటలు ఇంటికొచ్చాక ఒక రోజు చావడి ముందు పనికో పోగు పెట్టేవాళ్లు. ఎవరికి ఏ పని కావాలో ఆ పోగులో తమ ఇంటి రాళ్లు తెచ్చి వెయ్యాలి. కరణం లెక్కపెడతాడు. ఏ పోగులో రాళ్లెక్కువైతే ఆ పనే. ఓడిన పోగుల్లో రాళ్లు కూడా గెలిచిన పనికే పునాదిలోకి పోతాయి. పోగులో పడ్డ రాయిని మళ్లీ ముట్టుకుంటే ఊరి వెలి.

బాగానే ఉంది కదా? బాగానే ఉంటుంది, మెరక మీద ఇల్లుంటే! వాళ్ల పెరడు తవ్వితే బండి నిండా రాళ్లు. పల్లంలో గునపం పిడిదాకా దిగేసినా ఒండ్రుమట్టే. రాళ్లు లేనివాళ్లు ఏం తెచ్చి వేస్తారు? ఆ మాట అన్నేళ్లలో ఒక్క బుర్రకీ తట్టలేదు.

ఒక ఏడాది అసిరి పంచెలు ఉతికి ఆరేసింది. మల్లెపువ్వులా ఉండాల్సిన పంచెల మీద ఎర్రటి చారలు! మళ్లీ ఉతికింది. మళ్లీ చారలే. వంగి ఊట చూసింది. అన్నాళ్లూ తేటగా వచ్చిన ఊట, దారప్పోగంత సన్నగా ఎర్రబడి వస్తోంది. ఊట తేటగా వస్తే బెంగ లేదు. ఎర్రగా వచ్చిందంటే కట్ట కడుపులో మట్టి కరిగి పోతోందన్నమాట.

చారల పంచె తీసుకుని పట్నం పెద్ద సూరిశెట్టి దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, కట్ట కారతంది. ఒక్కపాలి వచ్చి సూడండి."

సూరిశెట్టి చెడ్డవాడేం కాదు. అడిగినవాళ్లకి లేదనడు, అప్పుడే ఇవ్వడూ. పంచె అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉతకడం చేతకాక కట్ట మీద పెడుతున్నావా అసిరీ? సరే, వచ్చే ఏడు చూద్దాంలే. ఈ ఏడు ముఖద్వారం కట్టుకోవాలి. పొరుగు పట్నానికి ఉంది, మనకి లేదు. తలవంపులు కాదూ?"

పోగుల రోజు వచ్చింది. అసిరి ఇంట్లో ఉన్న రాళ్లు మూడే మూడు, పొయ్యిరాళ్లు. అవి తీసుకెళ్లి కట్ట పోగులో వేసింది. ముఖద్వారానికి బండ్లకి బండ్లు పడ్డాయి. కరణం గొంతెత్తి చదివాడు: "కట్టకి మూడు!" జనం గొల్లున నవ్వారు. అసిరి ఇంటికొచ్చి మట్టిముద్దల మీద ఎసరు పెట్టుకుంది.

రెండో ఏడు ఊట వేలంత లావయింది. అసిరికి అన్నం సయించడం మానేసింది. పక్కమీద వాలితే చాలు, చెవిలో నీళ్లు గలగలమన్నట్టుండేది.

"బాబూ, కట్ట కారతంది. ఒక్కపాలి వచ్చి సూడండి."

"వచ్చే ఏడు చూద్దాంలే. ఈ ఏడు నగారా మేడ."

అసిరి సన్నికల్లూ పొత్రం మోసుకెళ్లి పోగులో వేసింది. "కట్టకి రెండు!" జనం ఇంకా నవ్వారు. చూశారా, ఏటికేడు ఆమె భయం పెరుగుతోంది, పోగు తరుగుతోంది.

మూడో ఏడు ఊట మణికట్టంత అయింది. ఆ ఏడే గవరమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింత మంచం వేసిన గోడకీ కట్టకీ మధ్య ఎంత దూరమనుకున్నారు? పది అడుగులు! అసిరి ఆ పది అడుగులూ రోజుకి వందసార్లు తిరిగేది. ఊట చూసి పిల్ల దగ్గరికి, పిల్లని చూసి ఊట దగ్గరికి.

"ఎక్కడికైనా పోదామే అమ్మా," అంది గవరమ్మ.

"ఎక్కడికెల్తామే? మెరక మీద మన మూట దించనిత్తారు గానీ మనల్ని దించనిత్తారా?"

మళ్లీ సూరిశెట్టి గుమ్మం ముందు నిలబడింది. "బాబూ, కట్ట కారతంది. నా మనవరాలికి పదకొండో రోజు కూడా ఎల్లనేదు. ఒక్కపాలి వచ్చి సూడండి."

"ఈ ఏడు రాజుగారి విడిది కదే అసిరీ! వచ్చే ఏడు తప్పకుండా చూద్దాంలే."

ఇంకేం రాయి మిగిలింది ఆమెకి? బట్టలుతికే చాకిబండ. తాత నాటి బండ, కూడు పెట్టే బండ. పల్లం ఆడవాళ్లు నలుగురు సాయం పట్టారు. గడ్డపారలతో పొద్దున మొదలెట్టి మిట్టమధ్యాహ్నానికి మెరక మీదికి దొర్లించారు. చేతులు బొబ్బలెక్కిపోయాయి.

కరణం ఆ బండ చుట్టూ ఒకసారి తిరిగాడు. "పెద్దదైనా రాయి రాయే. కట్టకి ఒకటి!"

ఈసారి నవ్వుల మధ్య నవ్వని మొహాలు కూడా కొన్ని ఉన్నాయిలెండి. ఉంటే ఏం లాభం? నోళ్లు లేవలేదుగా.

పోగుల రోజు దాటిన నాలుగో రోజుకి కాలంకాని ముసురు పట్టింది. అయిదో రోజుకి ఏరు పోటెత్తింది. ఆరో రోజు పొద్దున అసిరి వెళ్లి చూస్తే ఊట తొడంత లావున, చిక్కటి ఎర్రమట్టి కక్కుతోంది. పైన కట్ట ఒక బారెడు మేర కుంగింది. ఒక్క అంగలో ఇంట్లోకొచ్చింది.

"గవరమ్మా, పిల్లనెత్తుకో. మెరక మీదికి పో. నగారా మేడ కింద కూకో. ఎవురు లెగమన్నా లెగకు!"

"మరి నువ్వు?"

"నా బండ కోసం ఎల్తన్నా."

చావడి ముందు జనం ఉన్నారు. అసిరి ఎవరితోనూ మాట్లాడలేదు. మూడేళ్లుగా మాట్లాడి మాట్లాడి ఆమెకి మాటలంటేనే విసుగు పుట్టింది. సరాసరి పోగు దగ్గరికెళ్లి తన బండకి గడ్డపార పెట్టింది.

"ఒసేయ్ అసిరీ! పోగులో రాయి ముడితే వెలి!" అని కరణం కేక.

"వెలేసుకోండి బాబూ. వెలెయ్యడానికి ఊరుండాలి గదా!"

ఎక్కించడానికి పూటంతా పట్టిన బండ, దిగడానికి చిటికె పట్టలేదు. పల్లంలోకి దడదడా దొర్లింది. అది చూసి పల్లం వాళ్లకి భయం వదిలింది. ఆడా మగా వచ్చి విడిది పోగు మీద పడ్డారు. తట్టల్లో, కొంగుల్లో, వట్టి చేతుల్లో రాళ్లు ఎత్తుకుని పరుగులు తీశారు.

"దొంగలు! దొంగలు!" అంటూ సూరిశెట్టి పెద్దలతో సహా వెంటపడ్డాడు. తరుముకుంటూ తరుముకుంటూ, చూసుకోకుండా కట్టెక్కేశాడు. పుట్టి బుద్ధెరిగాక అదే ఎక్కడం.

ఎక్కి నిలబడిపోయాడు. ఎడమ పక్క ఏరు. కుడి పక్క ఇళ్లు. ఏటి నీళ్లు ఇళ్ల చూరులకంటే ఎత్తున ఉన్నాయి. కింద అసిరి బండని ఊట నోటికి ఆనించి, వీపుతో అదిమిపట్టి కూచుంది. నడుందాకా ఎర్రనీళ్లు.

"రాళ్లెయ్యండి! సుట్టూ ఎయ్యండి!" అని అరుస్తోంది.

సూరిశెట్టి కట్ట దిగాడు. పాగా తీసి నడుముకి చుట్టి, పక్కవాడి చేతిలో తట్ట లాక్కున్నాడు. మెరకా పల్లమూ కలిసి మోశాయి. విడిది పోగంతా అయిపోయింది. పొద్దు వాలేసరికి ఊట సన్నబడింది. ఇంకాసేపటికి తేటగా వచ్చింది. హమ్మయ్య అన్నారందరూ.

సరిగ్గా అప్పుడే, పైన కుంగిన కట్ట పెళ్ల ఒకటి విరిగి అసిరి మీద పడింది. అందరూ చేతులతోనే మట్టి తోడారు. సూరిశెట్టీ తోడాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. కట్ట మాత్రం నిలిచింది.

ఆ ఏడు ద్వారాలూ లేవు, మేడలూ లేవు, కట్టే కట్టారు. మరుసటి ఏడు పోగుల రోజున సూరిశెట్టి పల్లానికి వచ్చాడు. తల్లి ఇంట్లోనే ఉండిపోయిన గవరమ్మ గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. "అమ్మా, రాళ్లు వెయ్యకముందు మేం కట్ట మీద నిలబడి మీ ఇళ్లు చూస్తాం. ఎంతసేపు నిలబడాలో నువ్వే చెప్పు," అన్నాడు.

గవరమ్మ గుమ్మంలో కూచుని పిల్లకి పాలిస్తోంది. తల ఎత్తలేదు. "నిలబడండి," అంది.

కట్టెక్కి నిలబడ్డారు. ఎండ నెత్తికెక్కింది. కరణం గొంతు సవరించుకున్నాడు. "ఇక దిగొచ్చా అమ్మా?"

"పిల్ల ఇంకా తాగతంది. ఉండండి."

ఇప్పటికీ అంతే. ఆ పట్నంలో ఏ పనికి సొమ్ము పెట్టాలన్నా ముందు పెద్దలందరూ చెప్పులు విడిచి కట్టెక్కాలి. పల్లంలో చంటిపిల్ల తల్లి ఒకామె పిల్లని ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూచుంటుంది. పిల్ల పాలు తాగడం అయ్యేదాకా ఎంతటివాడూ దిగడానికి లేదు. కొన్నేళ్లు పిల్లలు చప్పున తాగి నిద్రపోతారు. కొన్నేళ్లు తాగుతూ, ఆడుతూ, మళ్లీ తాగుతూ ఉంటారు. పెద్దలు కాలు మార్చి కాలు మీద నిలబడి, కింద ఇళ్లకేసి చూస్తూనే ఉంటారు.