రాజుగారి బంతి విత్తనాలు

చందనగిరిని ఏలే సింహాద్రి భూపతికి ఒకనాడు బంతిపూలు పెంచాలని బుద్ధి పుట్టింది. తోటలో పూలకు కొదవ లేదు. కానీ అవి తోటపనివాళ్లు పెంచినవి. తన చేత్తో విత్తనం నాటి, తన చేత్తో నీళ్లు పోసి, ఆ పువ్వు రాణిగారి జడలో తురమాలని ఆయన కోరిక.

ఓడ వర్తకుడొకడు దూరదేశపు విత్తనాలు తెచ్చి ఇచ్చాడు. ఎర్రటి రేకులకు పసుప్పచ్చ అంచు ఉంటుందట.

"ఈ మడిలో ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు," అని రాజుగారు పడకగది వెనక తానే మడి తవ్వారు.

మొదట మోచెయ్యి లోతున పాతారు. రాజు నాటిన విత్తనం పైపైన ఉంటే మర్యాదగా ఉండదని ఆయన అభిప్రాయం. అవి పైకి రాలేదు. తర్వాత నీళ్లకు బదులు పాలు పోశారు. చీమలు వచ్చాయి, విత్తనాలు వెళ్లిపోయాయి. ఆ మీదట మడిలో ఒక మొలక కనిపించింది. సన్నాయి మేళం పెట్టించి, సభకు మిఠాయి పంచారు. ఆకులు విచ్చాక చూస్తే అది పల్లేరు.

అప్పట్నుంచి రాజుగారు జాగ్రత్తపడ్డారు. లోతు తగ్గించారు, నీళ్లే పోశారు. అయినా ఒక్కటీ మొలవలేదు.

ఎందుకు మొలవలేదో తాంబూలం అందించే కోనప్పకు తెలుసు. రోజూ పొద్దున్నే పళ్లెం పట్టుకుని మడి పక్కన నిలబడేది అతనే. రాజుగారు వేలితో మట్టి తోడి, ఒక్కో విత్తనాన్నీ బయటికి తీసి, అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పాతిపెట్టేవారు.

"లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే మనసాగదురా," అనేవారు.

"అవును ప్రభూ," అంటూ కోనప్ప తమలపాకుకు సున్నం రాసేవాడు.

చివరికి రాజుగారికి విసుగొచ్చింది. నిండు సభలో, "నా విత్తనాలు మొలవకపోవడానికి తప్పెవరిది?" అని అడిగారు.

తోటల అధికారి ఉద్దండ రాయుడు లేచాడు. ఎప్పుడూ మట్టి ముట్టిన మనిషి కాదు గానీ, మొక్కల గురించి మాట్లాడమంటే పొద్దు వాలిపోవాల్సిందే.

"తప్పు నరసాయిది మహాప్రభూ. పక్క మళ్లకు నీళ్లు పెట్టేది అదే. దాని చెయ్యి మంచిది కాదు. దాన్ని పంపేసి మా బామ్మర్దిని పెట్టుకుంటే అన్నీ అవే మొలుస్తాయి."

రాజుగారి పూజకు వెళ్లే పూలన్నీ ఆ నరసాయి పెంచినవే. తోట మూల గుడిసె తప్ప ఆమెకు వేరే నీడ లేదు.

రాజుగారు ఒక్కరోజు గడువిచ్చారు. "రేపు సాయంత్రం సభలో ఇంకో కారణం ఎవరైనా చూపిస్తే సరే. లేదంటే నరసాయి వెళ్లిపోవాలి. ఒక్క మాట. తప్పు నాదన్నవాడికి ఈ కొలువులో చోటు లేదు."

కోనప్ప తోటలోకి వెళ్లేసరికి నరసాయి మూట కట్టుకుంటోంది.

"కారణం నీకూ తెలుసు, నాకూ తెలుసు కదా తమ్ముడూ," అంది.

"తెలుసక్కా. చెప్పానంటే నా మూట కూడా నువ్వే కట్టాలి."

"మరెట్లా?"

"నేను చెప్పను. చెప్పేవాణ్ణి చూస్తాను. నువ్వు మూట విప్పుకో."

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు భోంచేసి, మొహం మీదికి దుప్పటి లాక్కుని పడుకున్నారు. కన్ను మూతపడుతుండగా ఎవరో దుప్పటి ఎత్తారు. చూస్తే కోనప్ప.

"ఏంట్రా?"

"నిద్ర పట్టిందేమోనని చూశాను ప్రభూ."

దుప్పటి మళ్లీ కప్పాడు. రాజుగారు అటు తిరిగి పడుకున్నారు. కాసేపటికి మళ్లీ దుప్పటి లేచింది. ఇటు తిరిగారు. మళ్లీ లేచింది. ఆఖరికి రాజుగారు దిండు విసిరి లేచి కూర్చున్నారు.

సాయంత్రం సభకు ఎర్రటి కళ్లతో వచ్చారు. "ముందు ఈ కోనప్ప సంగతి తేలాలి. మధ్యాహ్నం ఊరికే దుప్పటి ఎత్తి చూస్తూ నన్ను కునుకు తియ్యనివ్వలేదు," అన్నారు.

కోనప్ప చేతులు కట్టుకున్నాడు. "తప్పెవరిదో పట్టడంలో రాయుడుగారిది అందెవేసిన చెయ్యి. తీర్పు వారే చెప్పాలి ప్రభూ. నిద్ర రాకపోవడం పరుపు తప్పా, పక్క గదిలో ఊడ్చే మనిషి తప్పా?"

రాయుడు మీసం సవరించుకున్నాడు. "పరుపేం చేస్తుంది? ఊడ్చే మనిషేం చేస్తుంది? మాటిమాటికీ కప్పింది తీసి చూసినవాడిదే తప్పు."

"లోపల ఏం జరుగుతోందో తెలియక మనసాగలేదండీ."

"ఆగకపోతే? కదిలించకుండా వదిలేస్తే దానంతటది వచ్చేదాన్ని కెలికి చెడగొట్టినవాడు మూర్ఖుడు. వాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టాలి."

కోనప్ప తల వంచి అన్నాడు:

"తీర్పు బాగుంది ప్రభూ. విత్తనాలకు కూడా ఇదే తీర్పు కదండీ, రాయుడుగారూ?"

రాజుగారు తన గోళ్లలో ఇరుక్కున్న మట్టి వంక చూసుకున్నారు. తర్వాత రాయుడి వంక చూశారు.

"రాజ్యం ఎవరికి అప్పగించి పొమ్మంటావు రాయుడూ?"

రాజుగారి భుజాలు కదలడం మొదలైంది. ఆయన పగలబడి నవ్వాకగానీ సభకు నవ్వే ధైర్యం రాలేదు.

మడి నరసాయి చేతికి వచ్చింది, రాయుడి చేతిలోని తోటలు పోయాయి. రాజుగారు వేలి ఉంగరం తీసి తాంబూలం పళ్లెంలో వేశారు. కొలువులో చేరడానికి కొత్త తలపాగా చుట్టుకొచ్చిన రాయుడి బామ్మర్ది, అందరూ నవ్వుతుండగానే దాన్ని విప్పి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.