నూకయ్య చెంబు

ఏటికి కోపం, మనుషులకి సిగ్గు ఉండే రోజుల మాట ఇది. ఏరు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ రోజుల్లో మన ఊళ్ళో నూకయ్య అని ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు నూకయ్యగారు అంటున్నాం గానీ, బతికున్నన్నాళ్ళూ నూకిగాడే. ఏటి గట్టు అవతల పల్లెలో ఉండేవాడు. డప్పు కొట్టి మునసబు మాట ఊరికి చెప్పడం ఆయన పని. డప్పు నూకయ్యది, గొంతు నూకయ్యది, మాట మాత్రం మునసబుది.

ఒక ఏడు వరదొచ్చింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఊరు నీళ్ళలో ఉంది. అందరికంటే ముందు చెట్టెక్కినవాడు, ఇదిగో, ఈ సింహాచలం ముత్తాత. మేకని కింద వదిలేసి మరీ ఎక్కాడు. ఏరు తీశాక ఆ మేక ఊరబావిలో తేలింది. మొహం అలా పెట్టకు సింహాచలం, నిన్నెవరూ ఏమీ అనలేదు.

మేకని బయటికి లాగారు. ఊళ్ళోని పెంటకుప్పలన్నీ కూడా వరదకి కొట్టుకొచ్చి అదే బావిలో దిగాయి. వాటిని లాగడం ఎవరివల్లా కాలేదు. పసుపు చల్లారు. రెండు రోజులకి నీళ్ళు తేటపడ్డాయి. కంటికి తేటగా కనిపిస్తే మనకి చాలు కదా.

కొందరు ఆడవాళ్ళు మాత్రం మూటలు కట్టారు, బావి బాగుపడేదాకా మెరక ఊళ్ళలో తలదాచుకుందామని. మునసబుకి గుండె ఆగినంత పనైంది. జనం వెళ్ళిపోతే ఆయన పొలంలో నాట్లెవరు వేస్తారు? నూకయ్యని పిలిచి మాట చెప్పాడు. నూకయ్య డప్పు కొట్టాడు.

"వినండహో! ఊరబావి నీళ్ళు మంచివహో! ఎవరూ ఊరు కదలొద్దహో!"

మూటలు విప్పారు. తాగారు. వాంతులు, విరేచనాలు. మూడు రోజుల్లో ముగ్గురు పోయారు.

మునసబు మళ్ళీ పిలిచాడు. "ఒరే, ఇక్కడ మనుషులు పోతుంటే మీ పల్లెలో ఒక్కడూ చావలేదేంరా? ఏం చేతబడి చేశారు?"

"మమ్మల్ని మీ బావి ముట్టుకోనివ్వరు కదా బాబూ. ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు తాగుతున్నాం. అంతే."

"నోర్ముయ్. వెళ్ళి డప్పు కొట్టు."

నూకయ్య నోరు మూసుకున్నాడు. వెళ్ళి కొట్టాడు.

"వినండహో! ఊరబావి నీళ్ళు మంచివహో! ఎవరూ ఊరు కదలొద్దహో!"

ఈసారి పదకొండుమంది పోయారు. మోసేవాళ్ళు చాలక ఒక్క పాడె మీద ఇద్దరేసి పిల్లల్ని తీసుకెళ్ళారు. మునసబు ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన పెరట్లో తాగి పారేసిన కొబ్బరి బోండాలు నడుమెత్తున పడి ఉన్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్కరూ అడగలేదు. పక్కింటి కోడలి సంగతైతే మనవాళ్ళకి ఎంత నోరో!

పిల్లలిద్దరినీ పోగొట్టుకున్న పైడమ్మ దారిలో నూకయ్యని ఆపింది. ఏడవలేదు.

"పిల్లలు వద్దన్నారు నూకయ్యా. వాసనొస్తోందమ్మా అన్నారు. నీ డప్పు విని, నేనే ముక్కు మూసి పట్టించాను."

"మాట నాది కాదమ్మా."

"గొంతు నీదే కదా."

మూడోసారి మునసబు బావి దగ్గరే నిలబడి, తన ఎదుట కొట్టమన్నాడు. నూకయ్య తాను నిలబడాల్సిన చోటే, బావికి పదడుగుల అవతల నిలబడ్డాడు. కొట్టాడు.

"వినండహో! ఊరబావి నీళ్ళు విషమహో! రెండుసార్లు నేను అబద్ధం చెప్పానహో! ఇసకలో చెలమలు తవ్వుకోండహో!"

"ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?" అని మునసబు అరిచాడు.

"ఎవరూ చెప్పమనలేదు బాబూ. మంచి నీళ్ళే అంటారా, ఒక్క చెంబు తాగండి. మీరు తాగితే నా నాలుక కోసి మీ చేతిలో పెడతాను."

పైడమ్మ బావిలో నీళ్ళు తోడింది. చెంబు నింపి మునసబు ముందుకి చాపింది. "ముందు మీరు తాగండి బాబూ," అంది.

మునసబు చెంబు వంక చూశాడు. జనం మునసబు వంక చూశారు.

"నాకు దాహం లేదు," అన్నాడు మునసబు.

ముందు ఒక కడవ ఒలికింది. తర్వాత రెండోది. తర్వాత అన్నీ. ఊరు ఊరంతా పారలు పట్టుకుని ఇసకలోకి నడిచింది. నాలుగు రోజుల్లో చావులు ఆగాయి.

నూకయ్య అది చూడలేదు. ఆ సాయంత్రమే మునసబు మనుషులు ఆయన్ని పట్టుకుని కొట్టారు. మూడో రోజున పోయాడు. ఆ దెబ్బల చప్పుడు ఊళ్ళో ఎవరికీ వినపడలేదట. పొలిమేర అవతల కొట్టిన డప్పు వినపడే చెవులే అవి. సింహాచలం ముత్తాతవే కాదు, మా ముత్తాతవి కూడా.

పోయాక ఊరు ఆయన పేరుకి 'గారు' తగిలించింది. ఆయన వంశంవాళ్ళని ఆ బావి దగ్గరికి రానివ్వడానికి మాత్రం ఇంకో మూడు తరాలు తీసుకుంది.

ఇప్పటికీ వరద తీశాక జీపులో ఎవరో ఒకరు దిగుతారు. నీళ్ళు బాగానే ఉన్నాయి, భయపడకండి అంటారు. అప్పుడు ఊళ్ళో అందరికంటే పెద్దావిడ బావి నీళ్ళు ఒక చెంబెడు తెస్తుంది. దాన్నే నూకయ్య చెంబు అంటాం.

"ముందు మీరు తాగండి బాబూ."

నా ఎరుకలో ముగ్గురొచ్చారు. ఒకాయనకి జలుబు. ఒకాయనకి ఉపవాసం. మూడో ఆయన తన నీళ్ళ సీసా తెచ్చుకున్నాడు. ఎవరొచ్చినా అంతే. చెంబు ఆయన బూట్ల దగ్గర పారబోసి, పారలు భుజాన వేసుకుని ఇసకలోకి నడుస్తాం.