బియ్యం నిండుకున్నాయి

ఊఁ కొడతావా బుల్లీ? నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు, ముందే చెబుతున్నాను. ఇది నవ్వొచ్చే కథ కాదు. నవ్వొచ్చేది కావాలంటే రేపు మీ తాతని అడుగు. ఊఁ, అదీ. ఇటు తిరిగి పడుకో.

అనగనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ ఉప్పు పండించేవాళ్ళే. మడులు కట్టి, సముద్రం నీళ్ళు పారించి, ఎండకి ఆ నీళ్ళు ఇగిరిపోతే అడుగున మిగిలిన ఉప్పుని లాగి కుప్పలు పోస్తారు. కుప్ప మీద తాటాకులు కప్పుతారు. అమ్ముడైతే అన్నం, లేకపోతే లేదు.

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకడు. వాడి పెళ్ళాం పారమ్మ. వాళ్ళతోపాటు గవరయ్య తల్లి సూరీడమ్మ. ముగ్గురే మనుషులు. పారమ్మ అప్పటికి నీళ్ళోసుకుని అయిదో నెల.

సూరీడమ్మ మంచిదే గానీ మాటల పట్టింపు ఎక్కువ. పారమ్మ కాపురానికొచ్చిన రోజునే కూర్చోబెట్టి మూడు మాటలు నేర్పింది. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాననాలి. ఇక బియ్యం అయిపోతే, లేవు అని మాత్రం చచ్చినా అనకూడదు, నిండుకున్నాయి అనాలి. లేవు లేవు అంటే ఇంట్లో నిజంగానే లేకుండా పోతాయని ఆవిడ భయం. మన ఇళ్ళల్లోనూ అంటారుగా, అలాగే.

అంతకుముందు ఏమైందంటే, గవరయ్య తండ్రికి జబ్బు చేసింది. వైద్యానికి సంత ఊరి షావుకారు దగ్గర అప్పు చేశారు. మనిషి దక్కలేదు, అప్పు మిగిలింది. వడ్డీతో కలిపి నూట యాభై రూపాయలు. ఆ రోజుల్లో నూట యాభై అంటే మాటలు కాదు. నాలుగు నెలల్లో కట్టకపోతే మడులు షావుకారువి. మడులు పోతే ఇక ఆ ఇంటికి ఏమీ లేదు.

అప్పుడు గవరయ్య సంత ఊరికి పనికి బయల్దేరాడు. అది కొండ కింద ఉంది, బండి మీద రెండు రోజుల దారి. అక్కడ సున్నపు బట్టీలో నెలకి యాభై ఇస్తారు, కూలీలకి పూటకింత అంబలి పోస్తారు.

"నలభై అప్పుకి కడతాను, పది మీకు పంపుతాను. నాలుగు నెలలే. అమ్మని చూసుకో," అన్నాడు పెళ్ళాంతో.

"అత్తని నేను చూసుకుంటాన్లే, నువ్వు జాగ్రత్త మావా. ఏ అవసరమైనా కబురంపుతాను," అంది పారమ్మ.

వాళ్ళకి చదువులు రావు. మరి కబురు ఎవరు మోస్తారు? బనమాలి అని ఒక ఒడియా బేరగాడు ఉండేవాడు. నెలకోసారి బండి కట్టుకొచ్చి, సముద్రం ఒడ్డున ఎండు చేపలు కొనుక్కుని సంత ఊళ్ళో అమ్ముకునేవాడు. మనసు వెన్న. తెలుగు ఎవరూ నేర్పలేదు, బేరాలాడుతూ తనే పట్టుకున్నాడు. పట్టుకున్నంత వరకూ బాగానే వచ్చు.

గవరయ్య వెళ్ళిన పది రోజులకి వాన కొట్టింది. కాలంగాని కాలంలో, మూడు రోజులు. కప్పిన తాటాకులు ఎగిరిపోయాయి. కుప్పంతా కరిగి కాలవలో పడి, వచ్చిన సముద్రంలోకే పోయింది. ఒక్క గవరయ్యదే కాదు, ఊళ్ళో అందరిదీ. ఎవరి దగ్గరికి చెయ్యి చాపినా వాళ్ళదీ అదే గతి.

ఊఁ అను. నిద్రపోయావా ఏంటి?

నెల గడిచింది. బనమాలి బండి వచ్చింది. పారమ్మ ఎదురెళ్ళి అంది, "అన్నా, మా మావతో ఒక్క మాట చెప్పు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెప్పు."

బనమాలి చాలా సంతోషపడ్డాడు. నిండు అంటే ఏమిటో వాడికి తెలుసు. నిండు కుండ, నిండు సంచి, రోజూ వాడే మాటే. పాపం మంచి కబురు మోస్తున్నాననుకుని, రెండు రోజులు బండి తోలుకెళ్ళి గవరయ్యతో చెప్పాడు. "మీ ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయట!"

"వాన పడిందని విన్నానే?" అన్నాడు గవరయ్య.

"పడింది. అయినా నిండుగానే ఉన్నాయట. మీ ఆవిడే చెప్పింది."

అయితే వానకి ముందే కుప్ప అమ్ముడైపోయిందన్నమాట, మంచి ధర పలికిందన్నమాట అనుకున్నాడు గవరయ్య. ఇంటికి పంపాల్సిన పది కూడా కలిపి, యాభైకి యాభై షావుకారుకి కట్టేశాడు. చూశావా బుల్లీ, ఎంత చిన్న తేడానో. నాకు ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ కోపమొస్తుంది. ఎవరి మీద కోపమొస్తుందో మాత్రం తెలీదు.

సున్నానికి గవరయ్య అరచేతులు పగిలి నెత్తురొచ్చేవి. ఆ సంగతి ఇంట్లో చెబితే బెంగపడతారని, "నేను బాగున్నానని చెప్పు. డబ్బంతా అప్పుకే కట్టానని చెప్పు," అన్నాడు బనమాలితో.

అదే మాట మరుసటి నెల పారమ్మ చెవిన పడింది. పది రూపాయల కోసం చెయ్యి చాపి నిలబడింది పిచ్చిది. బనమాలి చేతిలో ఏమీ లేదు.

"నా మాట చెప్పావా అన్నా?"

"చెప్పానమ్మా, ఒక్క ముక్క మర్చిపోలేదు."

పారమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత తమాయించుకుని మళ్ళీ కబురు పెట్టింది. "బియ్యం నిండుకున్నాయి. పప్పు కూడా నిండుకుందని చెప్పన్నా." పప్పు కూడా నిండుగా ఉందట అని అక్కడ చేరింది. గవరయ్య మళ్ళీ యాభై కట్టాడు.

ఈలోగా ఇంట్లో మూడు వస్తువులు పోయాయి. ముందు ఇత్తడి బిందె అమ్మారు. ఆ తర్వాత గుడ్లు పెట్టే కోడిపెట్టని అమ్మారు. ఆ తర్వాత సూరీడమ్మ తన కాళ్ళ వెండి కడియాలు తీసిచ్చింది. నలభై ఏళ్ళ నుంచీ ఉన్న కడియాలు, సబ్బు నీళ్ళు పోసి తీయాల్సొచ్చింది. అవి తెచ్చిన నూకలు ఇరవై రోజులొచ్చాయి.

సూరీడమ్మ జావ కాచి, అడుగున ఉన్న మెతుకులన్నీ కోడలి ముంతలో వేసేది. పైన తేరిన గంజి తను తాగేది.

"నువ్వూ రెండు మెతుకులేసుకో అత్తా," అనేది పారమ్మ.

"పళ్ళు లేనిదాన్ని, నమలలేను. నాకు గంజే బాగుంటుందే," అనేది ముసల్ది. పారమ్మకి అది అబద్ధమని తెలుసు. తెలిసీ తినేది. కడుపులో బిడ్డ తన్నుతుంటే ఏం చేస్తుంది చెప్పు? తింటూ ఏడ్చేది.

ఒకరోజు పారమ్మ ఉండబట్టలేక అంది, "నీ కొడుకు మనల్ని మరిచిపోయాడత్తా. రెండుసార్లు కబురెడితే ఒక్క రూపాయి పంపలేదు."

"అలా అనకే అమ్మీ. అప్పు నెత్తి మీదున్నప్పుడు మనిషికి ఇంకేటీ కనబడదు. తీరనీ. తీరిన రోజు నువ్వే చూద్దువు," అంది సూరీడమ్మ. ఆ మాట అంటూ గోడకి చేరగిలబడింది. అప్పటికే లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి ఆవిడకి.

మూడో నెల బనమాలి వచ్చేసరికి పారమ్మ నిండు చూలాలు. పొట్ట తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. కొంగు తల మీంచి భుజాల దాకా కప్పుకుని వచ్చింది. బనమాలి పొట్టే చూశాడు, కొంగు కింద చేతులు చూడలేదు.

లేవు అందామని నోటిదాకా వచ్చింది పారమ్మకి. కానీ అత్త నేర్పిన మాట కదా, నోరు తిరగలేదు. "ఇంట్లో అన్నీ నిండుకున్నాయని చెప్పన్నా. అన్నీ. మరిచిపోకేం," అంది.

"మరిచిపోతానా తల్లీ!" అన్నాడు బనమాలి. ఎడ్లని అదిలించుకుని, నవ్వుకుంటూ వెళ్ళాడు.

అప్పుడు గవరయ్య ఆఖరి యాభై కూడా కట్టాడు. నాలుగు నెలల అప్పు మూడు నెలల్లో తీర్చేశాడు. షావుకారు అప్పు చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు. గవరయ్య దాన్ని తలగుడ్డలో దాచుకుని, బండి కూడా ఎక్కకుండా నడిచొచ్చేశాడు. దారి ఖర్చుకి చేతిలో చిల్లిగవ్వ లేదు. అయితేనేం, ఇంటి నిండా బియ్యమున్నాయి కదా అనుకున్నాడు.

పట్టపగలు ఇల్లు చేరాడు. గుమ్మంలోంచే అరిచాడు. "అమ్మా, తీరిపోయిందే! పారమ్మా, తీరిపోయింది! చీటీ తెచ్చేశాను!"

సూరీడమ్మ చాప మీద పడుకునుంది. పారమ్మ గోడ పట్టుకుని లేచింది. గవరయ్య వాళ్ళని సరిగ్గా చూడనైనా లేదు, కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకున్నాడు. "రెండు రోజులై నడుస్తున్నానే. బేగి అన్నం పెట్టు."

పారమ్మ కదల్లేదు.

"ఏటలా చూస్తావు? బియ్యమున్నాయి కదా?"

"నిండుకున్నాయని కబురెట్టాను కదా మావా," అంది పారమ్మ. "మూడుసార్లు పెట్టాను."

గవరయ్య లేచి బియ్యం కుండలో చెయ్యి పెట్టాడు. కడిగి బోర్లించి ఆరబెట్టిన కుండ అది. లోపల తడి కూడా లేదు. అప్పుడు తల్లి కాళ్ళు చూశాడు, కడియాలు లేవు. పెళ్ళాం మొహం చూశాడు. వాడికి అంతా అర్థమైపోయింది. పగిలిన చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. ఆ చేతులు చూసి పారమ్మకీ అర్థమైంది.

"నిండుగా ఉన్నాయని చెప్పాడే వాడు. నిండుగా ఉన్నాయని కట్టేశానే," అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

చాప మీంచి సూరీడమ్మ అంతా వింది. ఆ తర్వాత, "అది నేన్నేర్పిన మాటరా," అంది. "అమ్మీ, ఇటు రా. లేవు అను."

"వద్దత్తా."

"అనవే. నేను చెబుతున్నాను, అను. పక్కింటి ఎర్రమ్మకి వినబడేలా అను."

పారమ్మ గుమ్మంలో నిలబడింది. మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి గొణిగింది. మూడోసారి అరిచింది. "లేవు! మా ఇంట్లో బియ్యం లేవు! నూకల్లేవు, ఏవీ లేవు!"

ఎర్రమ్మకి ఉన్నది తవ్వెడు నూకలు. ఆ మాట విని సగం కొంగున కట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వస్తూనే తిట్టింది. "ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర అలికిడవుతుంటే తింటున్నారనుకున్నాను కదే! ఒక్క మాట అంటే నోరు పోయిందా?"

జావ కాచారు. సూరీడమ్మ రెండు గుక్కలు తాగింది. మూడోది దిగలేదు. ఆలస్యమైపోయింది బుల్లీ. మూడు రోజులున్నట్టే ఉంది, నాలుగో రోజు పొద్దున్న ప్రాణం పోయింది. పోయేముందు చీటీ అడిగి చేత్తో తడిమింది. వేలిముద్ర తన మొగుడిదే.

ఏడవకు. సరే, ఏడువు, నేను మాత్రం ఏం తక్కువ ఏడ్చానా మా అమ్మమ్మ చెప్పినప్పుడు. ఇంకొంచెమే ఉంది, విను.

ఆ తర్వాత పదిహేను రోజులకి పారమ్మకి ఆడపిల్ల పుట్టింది. బక్కగా ఉంది గానీ బతికింది. బనమాలి ఒక పెద్ద గుమ్మడికాయ పట్టుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. సంగతి చెబితే బండి దగ్గరే కూలబడిపోయాడు. "నీ తప్పు కాదన్నా," అంది పారమ్మ. అయినా వాడు ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అప్పట్నించీ ఎవరు కబురు చెప్పినా, ఉన్నాయా లేవా ఒక్క మాట చెప్పు తల్లీ అని రెండుసార్లు అడిగేవాడట.

సూరీడమ్మ దినాలకి మళ్ళీ అప్పు చేయాల్సొచ్చింది. అదే షావుకారు దగ్గర, ఇరవై రూపాయలు. అదీ తీర్చాలిగా మరి. ఈసారి గవరయ్య ఊరు వదిలి వెళ్ళలేదు. ఇద్దరూ కలిసి మడుల్లోకి దిగారు. పిల్లని గట్టు మీద గుడ్డ నీడన పడుకోబెట్టేవాళ్ళు. సాయంత్రం ఇంటికి రాగానే, ఇవాళ ఏం లేదో అన్నీ చెప్పుకునేవాళ్ళు. "చేతులు మంటగా ఉన్నాయి, ఇవాళ నా వల్ల కాలేదు," అనేవాడు వాడు. "పాలు సరిగ్గా పడటం లేదు, రేపటికి నూకల్లేవు," అనేది ఇది. లేనిది లేదని చెప్పుకుని, ఉన్నది చెరిసగం చేసుకునేవాళ్ళు. అప్పుడప్పుడు పోట్లాడుకునేవాళ్ళు కూడా. ఆ ఇరవై తీరడానికి ఏడాది పట్టింది.

తీరిన రోజు గవరయ్య సంత ఊరి నుంచి చీటీ తెచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, అలవాటు కొద్దీ, "అమ్మా, తీరిపోయిందే!" అని కేకేశాడు.

లోపల పారమ్మ పిల్లకి జావ పడుతోంది. తలెత్తి చూసింది. "అత్త లేదు మావా," అంది.

గవరయ్య, "అవును, లేదు," అన్నాడు. లోపలికొచ్చి పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాడు. అప్పుడు పారమ్మ మెతుకులూ గంజీ ముగ్గురికీ సమానంగా వడ్డించింది.

ఉప్పు పోయె నీటికి,
అప్పు పోయె చీటికి,
కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి,
నిద్దర రావే కంటికి.