వకుళ సద్దిడబ్బా

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గాని, పారబడి ఓబుళయ్యగారి దగ్గర ఆ సామెత చెల్లేది కాదు. ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చేసే పని చెప్పులు వెతుక్కోవడం. అవి దొరికాక, "పద, అట్లా పోయొద్దాం" అనేవారు. ఆ పోయి రావడం ఒక్కోసారి వీధి చివరిదాకా ఉండేది, ఒక్కోసారి రెండు కొండల అవతలిదాకా ఉండేది. అందుచేత ఆయన శిష్యులు కడుపునిండా మంచినీళ్ళు తాగిన తరవాతనే ప్రశ్న అడిగేవారు.

పారబడి అన్నది జనం పెట్టిన పేరు. అసలు పేరు బోర్డు మీద ఉండేది గాని, దాన్ని చదివినవాళ్ళు తక్కువ. అక్కడ పొద్దున పుస్తకం, మధ్యాహ్నం పార. చేరిన యువతీయువకులు జీతం ఆశించకుండా చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి, నీళ్ళ గురించీ నేల గురించీ పాఠాలు చెప్పేవారు. చెప్పి ఊరుకోక, ఆ పాఠాన్ని ఆ ఊరి నేల మీదనే చేసి చూపించేవారు.

వాళ్ళందరిలో వకుళ చురుకైనది. వ్యవసాయం చదివి, ఉద్యోగం వద్దనుకుని వచ్చిన పిల్ల. ఆమెకు ఎర్రవంకపల్లెను అప్పగించారు. ఆ ఊరి వెనక కొండ మీంచి ఒక వంక దిగుతుంది. వాన పడ్డ పూట పరవళ్ళు తొక్కుతుంది, మర్నాటికి ఇసక మాత్రం మిగులుస్తుంది. దానికి అడ్డంగా రాతికట్ట వేస్తే నీళ్ళు నిలిచి నేలలోకి ఇంకుతాయి, ఊరి బావుల్లో ఊట పెరుగుతుంది. వకుళ ఈ సంగతిని బడి వరండాలో బొమ్మలు గీసి మరీ చెప్పింది. ఊరంతా వచ్చి శ్రద్ధగా విన్నది. తిప్పన్న అనే పెద్దాయనకు పాఠం ఎంత బాగా వంటబట్టిందంటే, వకుళ మధ్యలో తడబడితే ఆయనే మాట అందించేవాడు.

పాఠం అయ్యాక వకుళ తన జట్టుతో వంకలోకి దిగి రాళ్ళు మోయడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. "మీ కట్ట బాగా లేస్తాండాది తల్లీ" అని మనసారా మెచ్చుకున్నారు. మెచ్చుకుని, గొర్రెలు తోలుకుని ఎవరిదారిన వాళ్ళు పోయారు. ఇది ఒకరోజు ముచ్చట కాదు. రోజూ అదే మెచ్చుకోలు, రోజూ అవే గొర్రెలు.

కట్ట సగానికి వచ్చింది. అప్పటికి పడమట మబ్బులు పట్టడం కూడా మొదలైంది. సగం కట్ట లేని కట్టకంటే చేటు. వాన ముందే వస్తే ఆ రాళ్ళన్నీ దొర్లి దిగువనున్న వేరుశెనగ చేలల్లో పడతాయి. మేలు చేయబోయి ఊరి పంట పాడుచేసినవాళ్ళవుతారు. జట్టులో అందరి చేతులూ బొబ్బలెక్కాయి. ఊరు చేయి వేస్తే వారం తిరక్కుండా ముగిసే పని. ఊరు చేయి వేయడం లేదు.

ఒక ఉదయం వకుళ గురువు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ పూట మంచినీళ్ళు తాగాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

"గురువుగారూ, చెప్పి చూశాను. చేసి చూపించాను. ఈ రెండూ అయ్యాక ఇంకేం మిగిలిందో నాకు తెలియడం లేదు. ఆ ఊరు ఎందుకు కదలదు?" అంది. చివరి మాట ఏడుపులో కలిసిపోయింది.

ఓబుళయ్యగారు చెప్పులు వెతుక్కున్నారు.

దారి పొడుగునా వకుళ చెప్పుకొచ్చిన ఊరి సంగతులన్నీ విన్నారు గాని, ఎర్రవంకపల్లె చేరాక ఆయన ఊళ్ళోకి పోలేదు. నేరుగా వంకలోకి దిగి, వయసుకు తగిన రాళ్ళు ఏరుకుని, మధ్యాహ్నం దాకా జట్టుతోపాటు మోశారు. భోజనాల వేళకు అందరూ తుమ్మచెట్టు కింద చేరి సద్దిడబ్బాలు విప్పారు. ఊరి గింజ ముట్టరాదని వకుళ జట్టుకు ఒక కట్టుబాటు పెట్టింది. కరువు ఊరు, వాళ్ళకే చాలీచాలని తిండి, సేవకు వచ్చినవాళ్ళు ఇంకా భారం కావడమేమిటని ఆమె ఉద్దేశం. మొదటి రోజున వంక పక్కింటి చౌడమ్మ గిన్నెడు సంగటి తెస్తే, వకుళ ఎంతో మర్యాదగా చేతులు జోడించి, "వద్దమ్మా, మా తిండి మేం తెచ్చుకున్నాం" అని చెప్పింది. చౌడమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని వెనక్కి పోయింది. మళ్ళీ ఎవరూ ఏమీ తేలేదు. తన మాట ఊరికి అర్థమైందని వకుళ సంబరపడింది కూడా.

ఆమె తన డబ్బాలోంచి సగం అన్నం తీసి గురువు ముందు పెట్టబోయింది. ఆయన లేచి నిలబడి, "ఇది నాకు చాలదమ్మా" అని చౌడమ్మ ఇంటి వైపు నడిచారు. వకుళ పరుగున వెంటపడింది.

"గురువుగారూ, మనం అడగకూడదు" అంది లోగొంతుకతో.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని ఆయన గడప దగ్గర ఆగి గొంతెత్తారు. "చౌడమ్మా, ఆకలేస్తాంది. సంగటి ఉండాదా?"

వకుళకు తల కొట్టేసినట్టయింది. చౌడమ్మ చేతిలో తెడ్డుతోనే బయటికి వచ్చి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"మీవోళ్ళు మా ఇండ్లల్లో తినరు గదా సామీ" అంది.

"ఎవరన్నారు?"

"ఈ పాపే. మొదటి దినమే చెప్పె."

"అది కాదమ్మా," అంది వకుళ, "మీకు భారమవుతుందనీ..."

"భారమని నీకు మేము చెప్పినామా పాపా?" అంది చౌడమ్మ. కోపంగా కాదు, చాలా రోజులుగా అడగాలనుకున్న మాట అడిగినట్టు అంది. "మా పనికొచ్చినోళ్ళు మా ఇంట తింటారు. ఈ ఊర్లో అదే వాడిక. డబ్బాలు తెచ్చుకునేది కాంట్రాక్టోళ్ళు. మా చేతి కూడు మీకు పనికిరాదేమో అనుకుంటిమి. సరే, కట్ట వాళ్ళది, వాళ్ళే కట్టుకుంటారులే అనుకుంటిమి."

వకుళ అరుగు మీద కూర్చుని, "నాకూ పెట్టమ్మా" అంది.

ఆ తరవాత జరిగింది భోజనం అనడానికి వీల్లేదు, అది చిన్న జాతర. చౌడమ్మ పొగలు కక్కే రాగిసంగటి ముద్దలూ, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడీ తెచ్చి పెట్టింది. ఓబుళయ్యగారు ఒక ముద్ద ముగించి, పక్కింటి వైపు తిరిగి పులుసు ఉందా అని కేకేశారు. పులుసు వచ్చింది. పులుసు వెళ్ళిందని తెలిసి ఎదురింటినుంచి గోంగూర వచ్చింది. గోంగూర పుచ్చుకుని మా మజ్జిగ వద్దంటారా అని ఇంకొకావిడ చెంబుతో వచ్చి నిలబడింది. జట్టు మొత్తాన్ని వంకలోంచి పిలుచుకొచ్చారు. వకుళ సంగటి ముద్దను అన్నంలా కలపబోయి వేళ్ళు దూర్చి, చురుక్కుమంటే చేయి విదిలించింది. అరుగు మీదివాళ్ళంతా పడీపడీ నవ్వారు. చౌడమ్మ ఆమె పక్కన కూచుని, పులుసులో వేళ్ళు తడుపుకుని ముద్ద అంచునుంచి ఎట్లా తుంచాలో నేర్పించింది. ఆ ఊళ్ళో వకుళ పాఠం చెప్పించుకోవడం అదే మొదలు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల అని అందరికీ చెప్పింది గాని, నిజానికి అది పట్టరాని సంతోషం.

చేతులు కడుక్కుని జట్టు మళ్ళీ వంకలోకి దిగబోతుంటే అరుగు మీంచి తిప్పన్న తలపాగా చుట్టుకుంటూ లేచాడు.

"మన ఇంట తిన్న పిల్లోళ్ళు రాళ్ళు మోస్తాంటే మనం గట్టున నిలబడి సూసేది బాగుంటాదా? గడ్డపారలు తీయండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వంకలో కాలు పెట్టడానికి చోటు లేకపోయింది. పెద్ద రాళ్ళకు గడ్డపారలు వేసి ఎత్తుతూ మగవాళ్ళు కూతలు పెట్టారు. ఆడవాళ్ళు గంపలందుకుంటూ వకుళను మధ్యలో నిలబెట్టుకుని ఆమె కాల్చుకున్న వేలి మీద పాట కట్టారు. మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. గొర్రెలు ఆ రోజుల్లో కొంచెం పస్తున్న మాట నిజమే. మబ్బులు కొండ దిగే లోపల కట్ట పూర్తయింది.

వాన దంచి కొట్టింది. తెల్లారగానే వకుళ జట్టును వెంటేసుకుని బురదలో పడుతూ లేస్తూ ఎర్రవంకపల్లెకు పరిగెత్తింది. కట్ట నిలబడింది. దాని వెనక ఎర్రటి నీళ్ళు నిండుగా నిలిచి ఉన్నాయి. ఒక చివర మాత్రం నాలుగు రాళ్ళు జారాయి, అక్కడ అప్పటికే సగం ఊరు మోకాలిలోతు నీళ్ళలో దిగి రాళ్ళు సర్దుతోంది. చౌడమ్మ తల ఎత్తి చూసింది.

"ఇంత పొద్దెక్కి వస్తే ఎట్లా పాపా? మా కట్ట మీకోసరం కాసుకోనుంటాదా?" అని గదమాయించింది.

వకుళ గట్టు మీదనే ఆగిపోయింది. నిలబడి చూసే వంతు ఆ పూట ఆమెది. చూసి, మనసారా మెచ్చుకుంది. ఆమె జీవితంలో ఎవరి తిట్టూ అంత తియ్యగా వినబడలేదు.

సాయంత్రం పారబడికి తిరిగి వచ్చి, తడి బట్టలతోనే గురువు ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. నీళ్ళు నిలిచిన సంగతికంటే తిట్టిన సంగతి ఎక్కువసేపు చెప్పింది. ఓబుళయ్యగారు చెప్పులకోసం చూడలేదు. కూర్చునే విన్నారు. అంతా విని ఆమె ఖాళీ చేతుల వైపు చూశారు.

"నీ సద్దిడబ్బా ఏదమ్మా?"

వకుళ నాలిక కరుచుకుంది. "చౌడమ్మ ఇంట్లో మరిచిపోయినట్టున్నాను. రేపు పోయి తెచ్చుకుంటాను."

"ఎందుకు," అన్నారు ఆయన, "అక్కడే ఉండనీ."