క్వారీ దాకా నడిచినవాడు

కమిటీ మీటింగంటేనే ఖాదర్‌వలికి విసుగు పుడుతోంది.

దర్గా వెనక ఉన్న చిన్న బడిని ఊరివాళ్లే జీతం తీసుకోకుండా నడుపుతున్నారు. ఆ కమిటీకి ఖాదర్‌వలి పెద్ద. కొత్తగా చేరిన ఇనాయతుల్లా బొంబాయిలో పెద్ద వ్యాపారం చేసి వచ్చినవాడు. ఎవరు నోరు తెరిచినా మధ్యలోనే అందుకుంటాడు. "మీకు పని చేయించడం రాదు" అంటాడు. పాతవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేస్తున్నారు.

ఖాదర్‌వలి తన గురువు యూసుఫ్ బాబా దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. "ఆయన్ని తీసెయ్యమంటారా బాబా? ఇలాగే సాగితే బడి మూతపడుతుంది."

"ఈసారి మీటింగుకి నేనూ వస్తాను" అన్నారు బాబా.

ఆ రోజు క్వారీ పిల్లల సంగతి వచ్చింది. కొండ కింద కంకర కొట్టేవాళ్ల పిల్లలు ఒక్కరూ బడికి రారు.

"మీకు పిలవడం చేతకాక" అన్నాడు ఇనాయతుల్లా. "నేను వెళ్తే ఒక్క పూటలో తెస్తాను."

బాబా చివాట్లు పెడతారని అందరూ ఎదురుచూశారు. ఆయన లేచి, గుమ్మం దగ్గర విడిచిన తన టైరు చెప్పులు తెచ్చి ఇనాయతుల్లా ముందు పెట్టారు.

"అక్కడ రాళ్లు పదునుగా ఉంటాయి. మీ బూట్లు జారతాయి. ఇవి తొడుక్కుని వెళ్లండి సాబ్."

తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. "నువ్వూ వెళ్లు. నోరు మాత్రం విప్పకు."

క్వారీలో ఇనాయతుల్లా చదువు గొప్పతనం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. సుత్తుల చప్పుడు ఆగలేదు. ఎవరూ తలెత్తలేదు. ఖాదర్‌వలికి లోపల్లోపల సంతోషంగానే ఉంది.

చివరికి సుంకులమ్మ అనే ఆమె సుత్తి పక్కన పెట్టింది. "పెద్దపిల్ల బడికొస్తే చంటిదాన్ని ఎవరు చూస్తారు సామీ? నువ్వు చూస్తావా?"

ఇనాయతుల్లా ఆమె ఎదురుగా కంకర మీదే కూలబడ్డాడు.

"నాకు తెలీదమ్మా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

"చంటోళ్లను కూడా రానిస్తే పంపుతాం."

"రానిస్తాం" అన్నాడు ఇనాయతుల్లా.

మర్నాడు పొద్దున దర్గా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. క్వారీ పిల్లలు గుంపుగా, గోలగోలగా వస్తున్నారు. చంకల్లో చెల్లెళ్లు, తమ్ముళ్లు. అందరికీ ముందు ఇనాయతుల్లా, అతని భుజాలెక్కి ముక్కు కారుతున్న బుడ్డోడొకడు. మానేసిన పాత సభ్యులు సైతం ఇళ్లలోంచి చాపలు తెచ్చి పరిచారు. గదులు చాలక వసారా కూడా నిండిపోయింది.

ఖాదర్‌వలి పొంగిపోతూ బాబా దగ్గరికి వెళ్లాడు. "ఆయన గర్వాన్ని ఎంత తేలిగ్గా అణిచేశారు బాబా!"

బాబా పిల్లల మీంచి చూపు తిప్పలేదు.

"అతని గర్వం క్వారీ దాకా నడిచింది బేటా. ఇన్నేళ్లలో నీ వినయం ఈ గుమ్మం దాటిందా?"

వసారా మెట్టు దగ్గర ఒక పిల్ల చంటిదాన్ని మొయ్యలేక ఆగిపోయింది. ఖాదర్‌వలి గబగబా దిగివెళ్లి చేతులు చాచాడు.