మడమ పడని అరిసె

మన్మథ నామ సంవత్సరం, కార్తీకమాసం. కాకినాడలో ముసురు వదిలి చలి మొదలైన రోజులు.

నూకయ్యగారి ఇంట్లో గురువారం సాయంత్రాలు పదిమంది చేరేవారు. ఆయన పీఠాధిపతి కాదు, కాషాయం కట్టినవారూ కాదు. జగన్నాథపురం వంతెన అవతల రెండు గదుల పెంకుటిల్లు, ఒక చాప, ఒక మంచినీళ్ల కూజా, అంతే. ఆయనకొక అలవాటుంది. ఎవరేం అడిగినా అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కాదు. “ఓ పూట మీ ఇంటికి భోజనానికొస్తాను నాయనా” అనేవారు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో జవాబూ అక్కడే ఏ మూలో పడి ఉంటుందని ఆయన నమ్మకం. కిట్టనివాళ్లు మాత్రం ముసలాయన తిండికి మరిగాడనేవారు. వాళ్లన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. పనసపొట్టు కూర అంటే గురువుగారికి ప్రాణం.

ఆ గురువారం అడిగినవారు వీరభద్రంగారు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో కాపురం, అక్కడి సంఘానికి ప్రెసిడెంటు కూడా. మాట కరుకు, మనిషి చెడ్డవాడేం కాదు.

“గురువుగారూ, రోజూ తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటున్నాను. మా పై ఫ్లాటులో ఒక పసిపిల్ల ఉంది. పాకడం, గిన్నెలు ఈడవడం, ఒకటే గోల. గట్టిగా చెప్పాను, ఆగింది. ఇప్పుడు చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. అయినా ధ్యానం కుదరడం లేదు. ఆ చప్పుడు ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు పైకప్పుకి అప్పగించి కూర్చుంటున్నాను. నిశ్శబ్దం దొరికాక కూడా మనసు ఎందుకు కుదరదండీ?”

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆగలేదు. “అసలు పిల్లలు పుట్టాక మేడలెక్కి కాపురాలేమిటండీ? నేలమీద ఓ ఇల్లు చూసుకోవాలి గానీ. గంపకింద కోడిపిల్లల్ని పెంచినట్టు పెంచి, ఆ రభసంతా మేం భరించాలా?”

చాపమీద కూర్చున్నవాళ్లలో సగంమంది తలలూపారు. వాళ్లకీ నెత్తిమీద ఎవరో ఒకరున్నారు.

“ఆదివారం వస్తాను నాయనా,” అన్నారు నూకయ్యగారు.

ఆదివారం వీరభద్రంగారు కిందికి దిగి గురువుగారిని లిఫ్టు దగ్గరకు తీసుకొచ్చారు. అక్కడ ఒక అమ్మాయి పిల్లని చంకనేసుకుని, రెండో చేత్తో కూరల సంచి పట్టుకుని నిలబడి ఉంది. వీరభద్రంగారిని చూడగానే పక్కకు తప్పుకుంది.

“మీరెళ్లండి అంకుల్. మేం తర్వాత వస్తాం.”

“చోటుందిగా, రా తల్లీ,” అన్నారు గురువుగారు.

“ఫర్వాలేదండీ, మెట్లెక్కుతాం,” అని ఆ అమ్మాయి నిజంగానే మెట్లవైపు నడిచింది. లిఫ్టు తలుపు మూసుకున్నాక వీరభద్రంగారు గొంతు తగ్గించి, “ఆవిడేనండి. పేరు ఝాన్సీ. మొగుడికి పోర్టులో ఉద్యోగం, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలీదు,” అన్నారు.

భోజనం దగ్గర పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నాక గురువుగారు తలెత్తి పైకప్పు చూశారు. “నిజమే భద్రం. అలికిడే లేదు.”

వీరభద్రంగారికి ఉత్సాహం వచ్చింది. మొదట తలుపు కొట్టి చెప్పడం, తర్వాత సంఘం మీటింగులో పదిమందిలో నిలబెట్టి అడగడం, ‘పెంచడం చేతకానివాళ్లు ఇల్లు ఖాళీ చేసుకోవచ్చు’ అని తాను అంటే అందరూ ఔనౌననడం, ఆఖరికి ఇంటి ఓనరుకి ఫోన్ చేయడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చారు.

ఆయన భార్య కామేశ్వరమ్మగారు మజ్జిగ పోస్తూ, “ఈయనగారికి పై ఇంట్లో చెంచా పడితే వినిపిస్తుందండీ. పక్కగదిలోంచి నేను గొంతు చించుకుంటే మాత్రం వినిపించదు,” అంది.

గురువుగారు నవ్వి చెయ్యి కడుక్కున్నారు. “పద, ఆ బిడ్డని చూసొద్దాం.”

పైన ఝాన్సీ తలుపు తీసింది. వీరభద్రంగారిని చూసి నమస్కారం కూడా మరిచిపోయింది. “అంకుల్, చప్పుడు వచ్చిందాండీ? కుక్కర్ మూత జారిందండీ. పాప కాదండీ, ఒట్టు!”

“చప్పుడు రాలేదమ్మా,” అన్నారు నూకయ్యగారు. “అది అడుగుదామనే వచ్చాను.”

లోపల గది గదంతా బొంతలు పరిచి ఉన్నాయి. కుర్చీల కాళ్లకి పాత మేజోళ్లు తొడిగి తాళ్లతో కట్టారు. గురువుగారు కూర్చున్నాక ఝాన్సీ మంచినీళ్లకని వంటింట్లోకి మునివేళ్లమీద నడిచి వెళ్లింది, మునివేళ్లమీదే తిరిగొచ్చింది. గ్లాసు కూడా బల్లమీద పెట్టలేదు, చేతికే ఇచ్చింది.

“పాపకి అడుగులొచ్చాయా అమ్మా?”

ఝాన్సీ ఒకసారి వీరభద్రంగారి వైపు చూసింది. “ఇంకా లేదండీ.”

ఆ మాట పూర్తికాకుండానే లోపలి గదిలోంచి పిల్ల నడుచుకుంటూ వచ్చేసింది. దాని పేరు జాజి. చేతిలో చెంచా. దూదిపింజ గాలికి వచ్చినట్టు వచ్చి గురువుగారి మోకాలు పట్టుకుని నిలబడింది. ఝాన్సీ చటుక్కున ఎత్తుకోబోతే గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

వీరభద్రంగారు ముచ్చటపడ్డారు. “చూశారా, ఎంత నెమ్మదో! పెంపకమంటే ఇలా ఉండాలి. ఇదేదో మొదట్నుంచీ చేసి ఉంటే ఇంత గొడవే లేకపోను.”

గురువుగారు పిల్ల పాదాలకేసి చాలాసేపు చూశారు. తర్వాత ఝాన్సీని అడిగారు. “అడుగులకి అరిసెలు వండలేదేం తల్లీ?”

బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. బిడ్డ నడిచిందంటే అరిసెలు వరసగా పేర్చి వాటిమీద నడిపించి, వాటినే పదిళ్లకీ పంచడం మనవాళ్ల ఆచారం. అరిసె అందని ఇల్లు అలిగి కూర్చుంటుంది కూడా.

“ఎలా వండనండీ?” అంది ఝాన్సీ. గొంతు పైకి లేవలేదు, అదీ అలవాటైపోయింది కాబోలు. “అరిసెలు పంచడమంటే పిల్ల నడుస్తోందని అన్ని ఫ్లాట్లకీ చాటినట్టేగా. ఇంకొక్క కంప్లైంటొస్తే ఓనరు ఖాళీ చేయమన్నాడండీ. పిల్లలున్నారంటే ఎవరూ ఇవ్వడం లేదు. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం అయ్యాక ఇది దొరికింది. మా అత్తగారు ఫోన్‌లో అడిగినా ఇంకా నడవలేదనే చెప్పాను. ‘గూట్లో పెంచితే కాళ్లెలా వస్తాయే’ అని ఆవిడ. ‘నెత్తిమీద తొక్కుతున్నారు’ అని వీళ్లు. ఏం చేయమంటారు?”

వీరభద్రంగారు కిటికీలోంచి బయటకు చూశారు.

“భద్రం ఇంట్లో వండిస్తాను,” అన్నారు గురువుగారు. “గురువారం పొద్దున పెట్టుకుందాం. సాయంత్రం మావాళ్లకీ నాలుగు మిగల్చండి.”

కిందికొచ్చి కామేశ్వరమ్మగారితో ఒక్క మాటే చెప్పారు. “పాకం లేతగా పట్టమ్మా. అరిసె మెత్తగా ఉండాలి.”

గురువారం పొద్దున్నే కామేశ్వరమ్మగారు గుమ్మం గుమ్మానికీ వెళ్లి పిలిచింది. ఝాన్సీని చూస్తే లిఫ్టు దిగిపోయేవాళ్లు కూడా ప్రెసిడెంటుగారి భార్య పిలిచిందని వచ్చారు. బొంతలు ఎత్తేసి, నేలమీద కొత్త గుడ్డ పరిచి, వెచ్చగా ఉన్న అరిసెల్ని గడప దాకా వరసగా పేర్చారు. “మా వాడికి పంచదారతో వండిందండీ మా అత్తగారు, బాదంచెక్కల్లా కరకరలాడాయి,” అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. జాజి తల్లి వేలు పట్టుకుని మొదటి అరిసెమీద కాలు పెట్టింది. పాదానికి నెయ్యి అంటుకునేసరికి కిలకిలా నవ్వి, వేలు వదిలేసి, తనంతట తానే గడపవరకూ నడిచింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఝాన్సీ ఉలిక్కిపడి “ష్!” అంది. తర్వాత తనే సిగ్గుపడింది.

నూకయ్యగారు వంగి, వరస మధ్యలోంచి ఒక అరిసె తీసి వీరభద్రంగారి చేతిలో పెట్టారు.

“తిను నాయనా.”

వీరభద్రంగారు నోటిదాకా తెచ్చి ఆగారు. మెత్తటి అరిసెమీద అయిదు చిన్న వేళ్ల గుంటలున్నాయి, వాటి వెనక అరికాలి ముందుభాగం ఒత్తు ఉంది. అక్కడితో సరి. మడమ ఉండాల్సిన చోట అరిసె నున్నగా, నువ్వులు కూడా చెదరకుండా ఉంది. ఆయన కిందికి చూశారు. దాని ముందుదీ అంతే. గడప దగ్గరి ఆఖరుదీ అంతే. పిల్ల గడపమీద నిలబడి నవ్వుతోంది. మడమలు గాల్లో ఉన్నాయి. పక్కనే తల్లి నిలబడి ఉంది. ఆమె మడమలూ గాల్లోనే ఉన్నాయి.

“అమ్మాయ్,” అన్నారు వీరభద్రంగారు. “కాలు... కాలు కింద పెట్టమ్మా. పిల్లనీ పెట్టమను.”

ఝాన్సీ తన పాదాలకేసి చూసుకుని మడమలు దించింది. జాజిని భుజాలు పట్టి మెల్లగా కిందికి నొక్కింది. పిల్ల ‘అమ్మా’ అని ఏడ్చి, చెయ్యి వదిలించుకుని మళ్లీ వేళ్లమీద లేచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో మనుషులు అలా నడవడమే చూసింది. నడకంటే అదేననుకుంది.

ఆ మాఘమాసం దాకా వీరభద్రంగారు తెల్లవారుజామున కూర్చుంటూనే ఉన్నారు, చెవులు పైకప్పుకి అప్పగించే. పిల్ల గంతులేయాలని, గిన్నె విసరాలని, ఏదో ఒకటి వినపడాలని. పైకెళ్లి ఝాన్సీతో “దూకమనమ్మా, ఇల్లు పీకి పందిరేయమను” అని కూడా చెప్పొచ్చారు. ఏమీ వినపడలేదు. ఒక గురువారం అందరూ లేచి వెళ్లాక గురువుగారి దగ్గర ఆగిపోయారు.

“నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదండీ.”

“సగం నీ చేతిలో పెట్టానుగా నాయనా.”

“మిగతా సగం?”

“అదింకా నేలకి ఆనలేదు,” అన్నారు నూకయ్యగారు.

ఫాల్గుణంలో, మడమలు నేలకి దిగడానికని డాక్టర్లు జాజి రెండు కాళ్లకీ మోకాళ్ల దాకా సిమెంటు కట్లు వేశారు. విప్పి మళ్లీ వేశారు. అవి పూర్తిగా తీసేనాటికి ఝాన్సీవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ పిల్ల మడమ చప్పుడు మూడో అంతస్తులో ఎవరూ వినలేదు.